టైగర్‌కు సూది వద్దు

నాగభూషణం ఇంట్లో కుక్కకు బీమా చేయిస్తున్నారన్న వార్త సుబేదారిలో ఆ వీధి చివరిదాకా పాకడానికి ఒక్క పూట పట్టింది. 1984 జనవరి సంగతి. ఆ వీధిలో సగంమందికి తమ ప్రాణానికే బీమా లేదు. ఆఫీసర్ల భార్యలు ముక్కు మీద వేలేసుకున్నారు. కళావతికి కావలసింది కూడా అదే.

కళావతి నాగభూషణం భార్య. నాగభూషణానికి వరంగల్ బజారులో ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం ఉంది. తాతల నాటి నుంచీ దుకాణం మీది అంతస్తులోనే కాపురం. నాలుగేళ్ల క్రితం సుబేదారిలో ఇల్లు కట్టుకుని ఆఫీసర్ల మధ్యకు వచ్చి పడ్డారు. అక్కడ అందరికీ జీపులు, బంట్రోతులు ఉన్నారు. వీళ్లకు డబ్బుంది గానీ గేటు ముందు ఆగి పలకరించే దిక్కు లేదు. అందుకని నాగభూషణం హైదరాబాదు నుంచి అల్సేషన్ పిల్లను తెచ్చాడు. టైగర్ అని పేరు పెట్టారు. అది ఏపుగా ఎదిగాక జనం గేటు ముందు ఆగడం మొదలుపెట్టారు. వాళ్లు అడిగేది కుక్క గురించే, అయినా నాగభూషణం ఏమీ అనుకోలేదు.

కళావతి మాత్రం దాన్ని కళ్లలో పెట్టుకుని చూసుకుంది. కొడుకు హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. సెలవులకు ఇంటికొస్తే తన గదిని టైగర్‌తో పంచుకోవాల్సి వచ్చేది. కొడుక్కి జ్వరమొచ్చిందని ఉత్తరం వస్తే అయ్యో అని ఊరుకున్న మనిషి, టైగర్ తుమ్మితే పొద్దంతా తిండి మానేసేది.

ఒక్కటే చిక్కు. అది మాంసం తినే జంతువు, ఇది కోడిగుడ్డు కూడా గడప దాటని కోమట్ల ఇల్లు. మాంసం పెట్టకపోతే కుక్క నిలవదని డాక్టరు చెప్పాడు. ఆ పనికి ఇల్లూడ్చే చిలుకమ్మ దొరికింది. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి, ఒక పాత గంజు పెట్టారు. రోజూ మాంసపు కొట్టు నుంచి బొక్కలు తెచ్చి, నూకలతో కలిపి ఉడికించి, చల్లార్చి, ముల్లున్న బొక్క తీసేసి పెట్టేది చిలుకమ్మ. వాసన ఇంట్లోకి రాకుండా వెనక తలుపు మూసుకుని కూర్చునేది కళావతి. ఫలితం ఏమవుతుందో ఎవరైనా చెప్పగలరు. చిలుకమ్మ గాజుల చప్పుడు వింటే టైగర్ గోడ దూకినంత పని చేసేది. ఆమె వెళ్లిపోయాకే కళావతి దగ్గరికి వచ్చి పడుకునేది. అది కళావతి గొంతులో ముల్లులా ఉండేది. నలభై రెండేళ్ల సావుకారు భార్య, తన పనిమనిషి మీద, కుక్క కోసం అసూయ పడింది. ఇది ఆమె ఎవరితోనూ చెప్పుకోలేదు గానీ నిజం.

బీమా ఏజెంటు పేరు ఎల్లస్వామి. ఊళ్లు తిరిగి, బ్యాంకు లోను మీద కొన్న బర్రెలకు బీమాలు చేయిస్తాడు. కుక్క బీమా అతనికి అదే మొదటిది. హైదరాబాదు నుంచి ఫారాలు తెప్పించుకుని ఆదివారం పొద్దున వచ్చాడు.

"మూడు తీర్ల పాలసీలున్నయక్కా. మొదటిది యాక్సిడెంటుకు. లారీ కింద వడ్డా, కరెంటు కొట్టినా, పాము కరిసినా పైసలొస్తయి. రెండోదాంట్ల రోగాలు సుత కలుస్తయి. మూడోది అన్నిటికన్న పెద్దది. ఇవన్ని ఉంటయి, ఇంకా మన కుక్క ఎవలనన్న కరిస్తే వాళ్ల దవాఖాన ఖర్సు, వాళ్లకేమన్న అయితే నష్టపరిహారం, అంత కంపెనీయే పెట్టుకుంటది."

కళావతి ఒంటికాలి మీద లేచింది. "మా టైగర్ ఎవలను కరుస్తడు? ఏమనుకుంటాన్నవు నువ్వు? వాడేమన్న బజారు కుక్కనా?"

"కరుస్తదని కాదక్కా. కాయితం మీద ఉంటే మనకు ఫికర్ ఉండదు. ఏడాదికి నలభై రూపాయలే ఎక్కువ."

"ఎవడో వచ్చి కరిపిచ్చుకుంటే వానికి మనమెందుకు కట్టాలె?" అన్నాడు నాగభూషణం. "గేటు లోపటికి వాన్ని ఎవలు రమ్మన్నరు?"

ఆ గేటు లోపలికి పిలవకుండానే రోజూ రెండు పూటలా వచ్చే మనిషి ఒక్కతే ఉంది. సరిగ్గా అప్పుడు ఆమె పెరట్లో పొయ్యి ఊదుతోంది. పొగ వరండాలోకి కూడా వస్తోంది. అయినా ముగ్గురిలో ఒక్కరికీ ఆమె గుర్తుకు రాలేదు. తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మూడోది కుక్కకు అవమానమని పక్కన పెట్టారు. మొదటిది చాలన్నాడు నాగభూషణం. వాడికి రోగమొస్తే ఎట్లా అని కళావతి కళ్లనీళ్లు పెట్టుకుంది. చివరకు రెండోది ఖాయమైంది. పాలసీ ఎంచింది కళావతే. ఆ గర్వం చాలా రోజులు ఆమె ముఖంలో కనిపించింది.

"రెండోదానికైతే పిచ్చికుక్క రోగం రాకుండ సూది ఇచ్చినట్టు పశువుల డాక్టరు సర్టిఫికెట్ కావాలె," అన్నాడు ఎల్లస్వామి. "ఈ ఏడాది సూది అయిందా అక్కా?"

కాలేదు. నిరుడు సూది వేయించినప్పుడు టైగర్ కుయ్యోమని ఏడ్చింది. తుంటి వాచి మూడు రోజులు కుంటింది, ముద్ద ముట్టలేదు. కళావతి కూడా ఆ మూడు రోజులూ అన్నం తినలేదు. ఇంకోసారి ఆ ఏడుపు వినే ఓపిక తనకు లేదని అప్పుడే అనుకుంది.

"సూది వద్దు," అంది. "కాయితం తెచ్చియ్యి."

"ఒక్క నిమిషం పని అక్కా. ఏపిస్తే అయిపాయె గద."

"నీకు తెల్వది. వాడు తట్టుకోడు. కాయితమే తే."

ఎల్లస్వామికి ఇది కొత్త పని కాదు. లోను బర్రెల దగ్గర అంతా ఇలాగే నడుస్తుంది. ఒక పల్లె పశువుల దవాఖానలో సారయ్య అనే కాంపౌండరు ఉన్నాడు. అతను ముద్రలు కొట్టి, డాక్టరు సంతకాలు చేయించి, ఖాళీ సర్టిఫికెట్లు ఇరవై చొప్పున కట్టకట్టి ఇస్తాడు. బర్రె ముఖం ఎవరూ చూడరు. రంగు, వయసు, కొమ్ముల తీరు ఎల్లస్వామే చెట్టు కింద కూర్చుని నింపుకుంటాడు. టైగర్‌కు కూడా అదే ఫారం తెచ్చాడు. పశువు అన్న చోట అల్సేషన్ కుక్క అని రాశాడు. కొమ్ములు అన్న గడి ముందు కాసేపు ఆలోచించి, లేవు అని రాశాడు. అది చదివి నాగభూషణం పొట్ట పట్టుకుని నవ్వాడు. కళావతి కూడా నవ్వింది.

మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం చొంగ కారుస్తూ ఒక ఊరకుక్క గేటు దగ్గరికి వచ్చింది. టైగర్ ఊచల సందున మూతి పెట్టి దానితో కలబడింది. ఊరకుక్కను అవతల రోడ్డు మీద కుర్రాళ్లు కొట్టి చంపారు. టైగర్ ముక్కు మీద చిన్న గాటు పడింది. కళావతి పసుపు అద్ది, ఒళ్లో పడుకోబెట్టుకుని ఊరడించింది. గాటు వారంలో మానింది.

జూన్ చివర వానలు మొదలైన రోజుల్లో టైగర్ మారింది. పిలిస్తే రావడం లేదు. మంచం కిందికి దూరి గోడ కేసి చూస్తోంది. వాన ఉరుములకు బెదిరిందనుకుంది కళావతి. ఆ మధ్యాహ్నం చిలుకమ్మ ఎప్పట్లాగే పళ్లెం పెట్టి గాజులు ఆడించింది. టైగర్ వచ్చి పళ్లెం ముందు నిలబడింది గానీ మూతి పెట్టలేదు.

"ఏందిరా బిడ్డా, అలిగినవా? జర తిను," అంటూ చిలుకమ్మ ముద్ద కలపడానికి చెయ్యి పెట్టింది.

మొరగలేదు, గుర్రుమనలేదు. కుడి మణికట్టు పట్టేసింది. చిలుకమ్మ అరిచినా వదల్లేదు. వెనక తలుపు దగ్గర నిలబడి కళావతి అంతా చూసింది. చివరికి చిలుకమ్మే ఎడమ చేత్తో పొయ్యిలో కట్టె తీసి విదిలిస్తే వదిలి, కుక్క ఏమీ ఎరగనట్టు పెరటి షెడ్డులోకి వెళ్లి పడుకుంది.

"నాదే తప్పమ్మా," అంది చిలుకమ్మ, రక్తం కారుతున్న చేతిని కొంగుతో అదిమి పట్టుకుని. "తినేటప్పుడు చెయ్యి పెట్టిన. వాన్నేమనకున్రి."

కారం, పసుపు కలిపి అద్దుకుంది. ఆమె మొగుడు మొగిలయ్య రిక్షా తొక్కుతాడు. ఆ సాయంత్రమే తన రిక్షాలో కూర్చోబెట్టుకుని సర్కారు దవాఖానకు తీసుకెళ్లాడు. తెల్లవారి ఇద్దరూ కలిసి వచ్చి వెనక తలుపు దగ్గర నిలబడ్డారు.

"డాక్టరు అడుగుతాండమ్మా," అన్నాడు మొగిలయ్య. "పెంపుడు కుక్కేనా, దానికి సూది ఇప్పిచ్చిన్రా అని. ఇప్పిస్తే కాయితం తెమ్మన్నడు. కుక్కను పది రోజులు కనిపెట్టి ఉండాల్నట. పది రోజులు మంచిగుంటే ఏం భయం లేదట. నడుమ దానికేమన్న అయితే అదే రోజు ఉరికి రమ్మన్నడు. బొడ్డు సుట్టు పద్నాలుగు సూదులు పొడవాల్నట."

"ఆ సూదులు తలుసుకుంటెనే పాణం పోతాందమ్మా," అంది చిలుకమ్మ. "మన టైగర్‌కు సూది ఇప్పిచ్చిన్రు గద?"

ఒక్క మాట చెబితే అయిపోయేది. లేదమ్మా, వెళ్లి సూదులు వేయించుకో. పద్నాలుగు రోజులు నొప్పి భరించి చిలుకమ్మ మళ్లీ పనికి వచ్చేది. కానీ కళావతి కళ్ల ముందు మెదిలింది చిలుకమ్మ బొడ్డు కాదు. సూది లేని కుక్క కరిచిందంటే డాక్టరు మున్సిపాలిటీకి రాస్తాడు, వాళ్లు ఇనుప పట్టకారు మెడకు వేసి టైగర్‌ను బండిలోకి ఈడ్చుకుపోతారు అన్నదే మెదిలింది. ఆమె లోపలికి వెళ్లి బీరువా తెరిచింది.

"ఇగో," అంది, సర్టిఫికెట్ చేతికిస్తూ. "జనవరిల ఇప్పిచ్చినం."

ఇద్దరికీ చదువు రాదు. మొగిలయ్య ఆ గుండ్రని నీలి ముద్రను చూసి కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు. డాక్టరు కొమ్ములు లేవన్న మాట చదివి నవ్వాడట, ముద్ర చూసి సరేనన్నాడట. మధ్యాహ్నానికల్లా మొగిలయ్య ఆ కాగితాన్ని మడత నలగకుండా తెచ్చి తిరిగి ఇచ్చిపోయాడు.

చెయ్యి వాచినందున చిలుకమ్మ పనిలోకి రాలేదు. పెరట్లో పొయ్యి రాజుకోలేదు. ఎవరు పెట్టినా టైగర్ తినడం లేదు. మూడో రోజుకు గొంతు మారింది. మొరగబోతే బొంగురుగా ఏదో వేరే జంతువు అరిచినట్టు వచ్చేది. నాలుగో రోజు షెడ్డు తలుపు కొరికి, చెక్కపేళ్లు మింగింది. దవడ వేలాడిపోయి చొంగ తాడులా కారింది. కళావతి కిటికీ లోంచి చూసి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమెకు తెలియలేదా అంటే, తెలిసింది. మూడో రోజే తెలిసింది. ఐదో రోజు పొద్దున షెడ్డులో చప్పుడు ఆగిపోయింది.

నాగభూషణం ఎల్లస్వామికి కబురు చేశాడు. అతను వచ్చి షెడ్డు లోపలికి ఒక్క చూపు చూసి నుదురు పట్టుకున్నాడు.

"చిలుకమ్మకు చెప్పాలె," అంది కళావతి. అందరికన్నా ముందు ఆ మాట అన్నది ఆమే. ఆ మాత్రం ఆమె ఖాతాలో రాయాలి. "ఇయ్యాల్నే చెప్పాలె. సూదులు ఏపిచ్చుకుంటది."

ఎల్లస్వామి చేతులు జోడించాడు. "అక్కా, నీ కాళ్లు మొక్కుత. పిచ్చికుక్క రోగంతోటి సచ్చిందంటే సర్టిఫికెట్ ఎట్ల వచ్చిందంటరు. సారయ్యను పట్టుకుంటరు. ఆయన నన్ను సూపిస్తడు. నేను నింపిన రెండు వందల బర్రెలు బయటికొస్తయి. జైలుకు పోతనక్కా."

"నువ్వొక్కనివేనా?" అన్నాడు నాగభూషణం. భార్య వైపు తిరిగి నెమ్మదిగా అడిగాడు. "సూది వద్దన్నది ఎవలు? పోలీసులొచ్చి అడిగితే ఎవల పేరు చెప్పాలె?"

కళావతి షెడ్డు వైపు తిరిగింది.

"కరిసిన కుక్కలన్నిటికి రోగముంటదా? ఆమె కారం పెట్టుకున్నది, పసుపు పెట్టుకున్నది. ఏం కాదు," అని తేల్చేశాడు నాగభూషణం. టైగర్‌ను కాగితం మీద పాము కరిచింది. పాము కాటు మొదటి పాలసీలోనూ ఉంది, రెండో పాలసీలోనూ ఉంది. పెరట్లో గొయ్యి తవ్వించి సున్నం పోసి పూడ్చారు. దాని మీద పూలకుండీ పెట్టమన్నాడు ఎల్లస్వామి.

అయినా కళావతి ఆ మధ్యాహ్నం బయల్దేరింది. చెప్పాలనే బయల్దేరింది. అరడజను అరటిపళ్లు కొనుక్కుని, రైలు పట్టాల అవతల గుడిసెల్లో చిలుకమ్మ ఇల్లు అడిగి తెలుసుకుని వెళ్లింది. ఇన్నేళ్లలో ఆమె అక్కడికి వెళ్లడం అదే మొదటిసారి. మొగిలయ్య కంగారుపడిపోయి రిక్షా సీటు ఊడదీసి, తువ్వాలతో తుడిచి, కూర్చోమని వేశాడు. చుట్టుపక్కల ఆడవాళ్లు తొంగి చూశారు. "మా అమ్మగారు," అని అందరికీ చెప్పాడు అతను. "చెయ్యెట్లున్నదో సూద్దామని వచ్చింది."

కళావతి గొంతు సవరించుకుంది. ఈలోగా చిలుకమ్మే అడిగింది.

"టైగర్ తింటాండా అమ్మా? నేను లేకపోతే బొక్కలు ఎవలు ఉడికిస్తాన్రు? వానికి వేడిది పెడితే మూతి కాలుతది, సల్లార్చి పెట్టమనున్రి."

అంతే. ఆ మాటతో కళావతికి ఏదో అయిపోయింది. జాలి అయితే బాగుండేది. కానీ అది జాలి కాదు, పాత కుళ్లు. నా కుక్క చచ్చిపోతే దీనికేం, ఇంకా నాకే పెట్టడం నేర్పుతోంది అనుకుంది. ఆ వెంటనే పోలీసులు, బజారు, ఆఫీసర్ల భార్యలు అందరూ గుర్తుకొచ్చారు.

"మరిపెడకు పంపినం," అంది. "మా మరిది మిల్లుకు కావలి కావాల్నంటే."

"మంచిగున్నడా?"

"మంచిగున్నడు. మస్తు తింటాండు."

చిలుకమ్మ ముఖం విప్పారింది. మొగిలయ్య అరటిపళ్లు దేవుడి పటం ముందు పెట్టాడు. కళావతి లేచి వచ్చేసింది. రేపు చెబుతాను అనుకుంది దారిలో. మర్నాడు, ఎల్లుండి అనుకుంది. ఆ తరువాత అలా అనుకోవడం కూడా మానేసింది.

పదో రోజు చిలుకమ్మ పనిలోకి వచ్చింది. వస్తూనే వేళ్లు మడిచి చూపించింది. "పది రోజులు నిండినయమ్మా. టైగర్ మంచిగనే ఉన్నడు గద?"

"మంచిగనే ఉన్నడు," అంది కళావతి, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

ఆ సాయంత్రం చిలుకమ్మ పోచమ్మకు సాక పోసి మొక్కు తీర్చుకుని, బెల్లం పంచింది. తెల్లవారి కళావతికి కూడా ఆకులో చుట్టి తెచ్చింది. కళావతి తీసుకుని, ఆమె వెళ్లిపోయాక గోడ అవతల పారేసింది.

జూలైలో కంపెనీ నుంచి చెక్కు వచ్చింది. ఈసారి డాబర్‌మన్ తెద్దామన్నాడు నాగభూషణం. కళావతి బాగానే తింటోంది, బాగానే నిద్రపోతోంది. మనిషి గుండె ఎంతకైనా అలవాటు పడుతుంది. ఆమె గుండె మరీ తొందరగా అలవాటు పడింది.

ఆగస్టులో ఒక పొద్దున చిలుకమ్మ అంట్లు తోముతూ చెయ్యి విదిలించుకుంది.

"మానిన కాడ చీమలు పాకినట్టయితాందమ్మా. రాత్రంత గిట్లనే."

"చలిగాలికి అయితది," అంది కళావతి. ఆమె చేతిలోని జల్లెడ మాత్రం ఆగిపోయింది.

మూడో రోజు చిలుకమ్మ కళ్లు ఎర్రబడి, ఒళ్లు కాలిపోతూ వచ్చింది. మాట మాటకీ ఉలిక్కిపడుతోంది. గొంతు ఎండిపోతోందంది. కళావతి స్టీలు గ్లాసులో నీళ్లిచ్చింది. చిలుకమ్మ గ్లాసు నోటి దగ్గరికి తెచ్చుకుంది. గొంతు నరాలన్నీ తాళ్లలా బిగుసుకుపోయి గ్లాసు ఎగిరి నేల మీద పడింది. నీళ్లు తన కాళ్ల వైపు పారుతుంటే చిలుకమ్మ గోడకు అతుక్కుపోయింది.

"ఏందమ్మా ఇది?" అంది భయంగా. "నీళ్లకెందుకు గిట్లయితాంది?"

ఆ రోగం పేరు ఆ ఇంట్లో, ఆ క్షణాన, ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి, "జరమొచ్చింది. ఇంటికి పోయి పండుకో," అని చెప్పి, ఆమె గడప దాటగానే తలుపు వేసి గొళ్లెం పెట్టింది. ఆ గ్లాసును చీపురుతో తోసి చెత్తలో పారేసింది.

తెల్లవారి ఏడు గంటలకు మొగిలయ్య గేటు పట్టుకుని నిలబడ్డాడు. రాత్రంతా దవాఖానలో ఉన్నాడు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి.

"అమ్మా, టైగర్ బతికే ఉన్నడు గద? డాక్టరు అడుగుతాండు. కుక్క బతికుంటే ఇది ఆ రోగం కాదట, ఇంకేదో అట. మందున్నదట, హైదరాబాదు పంపుతనన్నడు. కుక్క సచ్చిపోతే మాత్రం ఇగ మందు లేదన్నడు. చెప్పున్రమ్మా."

వరండాలో నాగభూషణం పేపరు దించి చూశాడు. కళావతి అతని వైపు చూసి, మొగిలయ్య వైపు చూసింది.

"బతికే ఉన్నడు," అంది.

మొగిలయ్య రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. అతని ముఖం చూస్తే రాయి కూడా నిజం కక్కేది. "నేను అదే చెప్పినమ్మా! డాక్టరే నమ్ముతలేడు. నీ కండ్లతోటి సూసి రా పో అన్నడు. మరిపెడల మీ మరిది మిల్లు ఎక్కడమ్మా?"

ఇప్పుడైనా చెప్పొచ్చు. చెప్పినా చిలుకమ్మ బతకదు, ఆ గడువు దాటిపోయింది. కానీ మొగిలయ్య ఆ పొద్దంతా భార్య పక్కన కూర్చునేవాడు. ఆ ఒక్క పూట ఇవ్వడానికి కూడా కళావతికి చేతులు రాలేదు. గేటు ముందు నుంచి అతను కదిలితే చాలనిపించింది. బస్టాండు దిగి ఎటు తిరగాలో, రోడ్డుకు ఏ పక్కన మిల్లు ఉందో, బోర్డు ఏ రంగో అన్నీ వివరంగా చెప్పింది. అతను ఒక్కో గుర్తునూ తిరిగి అప్పజెప్పి, బస్సు కోసం పరిగెత్తాడు.

మళ్లీ దీపాల వేళకు వచ్చాడు. అరవలేదు. గేటు బయటే నిలబడ్డాడు.

"పోయొచ్చిన్నమ్మా. మీ మరిదికి కుక్క సంగతే తెల్వదట. నవ్విండు. నేనే మిల్లు మర్సిపోయిన్నేమో అనుకుని ఆ రోడ్డున్న మిల్లులన్ని తిరిగిన. కనవడ్డ కుక్కనల్ల టైగర్, టైగర్ అని పిలిసిన."

కళావతి వరండా మెట్టు మీద నిలబడిపోయింది.

"పగటీలే పాణం పోయిందట. మంచానికి తాళ్లతోటి కట్టిన్రట. నన్నే పిలిసిందట, ఆఖరిదాక. నేనాడ కుక్కను పిలుస్తాన్న."

నాగభూషణం లోపలి నుంచి వచ్చి, మాట్లాడకు అన్నట్టు భార్య భుజం మీద చెయ్యి వేశాడు. మొగిలయ్య అతని వైపు చూడలేదు.

"ఒక్క ముచ్చట చెప్పున్రమ్మా. నేనేం చేయను, ఏడికీ పోయి చెప్పను. టైగర్ ఎన్నడు సచ్చిపోయిండు?"

భర్త వేళ్లు భుజం మీద బిగుసుకున్నాయి. ఎందుకో ఆ ఒక్కసారికి కళావతికి అబద్ధం దొరకలేదు.

"కరిసినంక ఐదో రోజు. పొద్దుగాల."

మొగిలయ్య వేళ్లు మడిచాడు. ఒకటి, రెండు, మూడు. ఐదో వేలు దగ్గర ఆగి, ఆ వేలినే చూస్తూ ఉండిపోయాడు.

"ఐదో రోజు పగటీలి మీరు మా ఇంటికొచ్చిన్రు," అన్నాడు.

అతను రిక్షా హ్యాండిలు పట్టుకున్నాడు.

"వాడకట్టుల అందరికి చెప్పుకున్నమ్మా, మీరొచ్చిన్రని. ఇప్పటిదాక చెప్పుకుంటనే ఉన్న."

శవాన్ని దవాఖాన నుంచి తెచ్చుకోవాలి, కట్టెలు కొనాలి. రిక్షా తిప్పుకుని వెళ్లిపోయాడు.